చూసినందుకే పది వేలు

లాజరు పొద్దటి నుంచి ముద్ద ముట్టలేదు.

కోడలు గంగమణి జొన్నరొట్టె కంచం పట్టుకొని రెండుసార్లు కార్ఖానా దాకా వెళ్లి, రెండుసార్లూ అలాగే తిరిగొచ్చింది. కార్ఖానా అని ఇంట్లోవాళ్లు గొప్పకు అంటారు గానీ, అది ఎడపల్లిలో వాళ్ల ఇంటి వెనకాల ఉన్న రేకుల షెడ్డు. డెబ్బైకి దగ్గరపడిన లాజరు అందులో ఇంటివైపు వీపు తిప్పి కూర్చొని, మెత్త రబ్బరు పలకను పాదం కొలతకు కోస్తున్నాడు. కోపమొస్తే ఆయన నోరు మూసుకుంటాడు. చేతిలో కత్తి మాత్రం ఊరుకోదు.

"నేను తిట్టిన్నా, కొట్టిన్నా అత్తా? పేజీ మీదికెల్లి ఆ వాక్యం తీసేద్దామన్న. గంతే" అంది గంగమణి.

అత్త యేసమ్మ చింతపండులో గింజలు తీస్తూ తలెత్తలేదు. "గంతేనా? ఇల్లంత తగలవెట్టి, నేను గీసింది ఒక్క అగ్గిపుల్లనే గదా అన్నట్టున్నది నీ ముచ్చట."

గంగమణికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసింది.

నిన్న నిజామాబాద్‌లో తెలిసిన సంగతి అలాంటిది. నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్న కబురు రానే వచ్చింది. వాళ్ల చెప్పుల వెబ్‌సైటు పేరు ఇంటర్నెట్ డైరెక్టరీలోకి ఎక్కింది. ఎక్కింది గానీ, ఎక్కడ ఎక్కింది? చర్చీల వరుసలో.

వాళ్లు చేసేవి మామూలు చెప్పులు కావు. స్పర్శ పోయిన పాదాలకు తొడిగేవి. మేకు ఒక్కటి కూడా కొట్టరు, ఎందుకంటే మొద్దుబారిన పాదంలో మేకు దిగినా మనిషికి తెలియదు. అడుగున రబ్బరు చెవితమ్మె అంత మెత్తగా ఉండాలి, మడమ వెనక పట్టీ ఉండాలి. లాజరు పద్దెనిమిదేళ్ల వయసులో మిషన్ దవాఖానలో కుష్టురోగుల కోసం నేర్చుకున్న పని అది. షుగర్ జబ్బువాళ్ల పాదాలకు కూడా అవే దిక్కని తర్వాత డాక్టర్లు చెప్పారు. నెలకు నూటయాభై జతలు దవాఖానే తీసుకునేది. మొన్న జనవరిలో చీటీ పంపింది. ఏప్రిల్ నుంచి మీ చెప్పులు వద్దు, యంత్రాల మీద చేసినవి చవకగా దొరుకుతున్నాయని.

ఏప్రిల్ లోపల బయటి బేరం రాకపోతే షెడ్డుకు తాళమే. లాజరు, కొడుకు దేవదాస్, పట్టీలు కుట్టే పెంటవ్వ, ముగ్గురి చేతులూ ఖాళీ.

ముందుచూపుతో పోయిన దసరాకే వెబ్‌సైటు పెట్టించింది గంగమణి. ఇంటర్ చదివిన కోడలాయె, ఇంగ్లీషు కూడబలుక్కొని చదవగలదు. నిజామాబాద్‌లో ఇంటర్నెట్ షాపు నడిపే భోజన్న తయారు చేసిచ్చాడు. అయితే పేజీ ఉందని లోకానికి ఎలా తెలియాలి? డైరెక్టరీలో పేరుండాలి. ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుందో వరుసలు కట్టి చూపించే పుస్తకం లాంటిదది. ఒక డైరెక్టరీ ఉచితం. ఎవరో మనిషి తీరిక దొరికినప్పుడు పేజీ చూసి, తగిన వరుసలో పేరు వేస్తాడు. ఇంకోటి పెద్దది. అందులో వాళ్లు మన పేజీ చూడాలంటే రెండు వందల డాలర్లు, మన లెక్కలో దగ్గర దగ్గర పది వేలు, కట్టాలి. కడితే ఏడు రోజుల్లో చూస్తారు. కట్టాలా, వద్దా అని నెల రోజుల నుంచి ఇంట్లో ఇదే పంచాయితీ.

ఉచితం వాళ్లు చర్చీల్లో వేయడంలో వాళ్ల తప్పేమీ లేదు. ఈ ఇంట్లో పెళ్లి పత్రిక మీద, రసీదు పుస్తకం మీద, ఆఖరుకు చెప్పుల డబ్బా మీద కూడా ముందు సిలువ గుర్తు, దాని కింద పాదాల గురించిన బైబిలు వాక్యం ఉండి తీరాలి. లాజరు పట్టుబట్టి వెబ్‌సైటు నెత్తిన కూడా అదే పెట్టించాడు, ఇంత లావు అక్షరాలతో. ఏదో దేశంలో కూర్చున్న మనిషి అది చూశాడు, చర్చి అనుకున్నాడు, వేశాడు.

దాని పుణ్యాన పద్నాలుగు ఈమెయిల్ ఉత్తరాలు వచ్చాయి. ఆఫ్రికాలో ఒక పాస్టరు పాటల పుస్తకాలు పంపమన్నాడు. ఇంకొకాయన మూడు రోజుల కూటాలకు ప్రసంగీకుణ్ణి పంపమన్నాడు. ఒక ముసలామె తన మోకాళ్ల కోసం ప్రార్థన చేయమంది. మోకాలి దాకా వచ్చిన ఆ తల్లి ఇంకొంచెం కిందికి, పాదం దాకా వస్తే ఎంత బాగుండేదో! చెప్పులు కావాలన్నవాడు ఒక్కడూ లేడు.

"బాపు తినలేదా ఇంక?" అంటూ దేవదాస్ పెరట్లోకి వచ్చాడు. బోధన్ వెళ్లి పట్టీల బకిళ్లు తెచ్చాడు. నిన్నటి సంగతి పొద్దున విన్నప్పటి నుంచి అతని ముఖం అదోలా ఉంది.

"తినడు. నీ ఆలి పుణ్యం" అంది యేసమ్మ.

దేవదాస్ సంచితోనే నేరుగా షెడ్డులోకి నడిచాడు. గంగమణి వెనకే వెళ్లింది.

"బాపూ, ఆ వాక్యం తీయాలె. ఇయ్యాలనే తీయాలె."

గంగమణి ఆశ్చర్యపోయింది. తండ్రి ముందు దగ్గడానికి కూడా వెనకాముందు చూసే మనిషి. తనే రేపో ఎల్లుండో మెల్లగా ఒప్పిద్దామనుకుంటుంటే ఇతనికేం తొందర?

లాజరు కత్తి ఆపాడు. "ఎందుకు తీయాలె?"

"చర్చోళ్లమనుకుంటున్నరు."

"అనుకోనీ. నేను చర్చోణ్ణి గానా?"

"గది గాదు బాపూ..."

"ఏది గాదు? నా పేరు లాజరు గాదా? ఐతారం నాడు కల్లు దుకాణం కాడ కూసుంటున్ననా?"

గంగమణి కల్పించుకుంది. "మామా, నీ భక్తిని ఎవరేమన్నరు? చెప్పులు కావాల్నన్నోడు చర్చీల లిస్టుల ఎందుకు ఎతుకుతడు? రొట్టెపిండి కావాల్నంటే రాగిచెంబుల దుకాణానికి పోతమా? ఆ ఒక్కటి తీసి మళ్ల రాద్దాం. ఉత్తగనే రాద్దాం, పైసలొద్దు."

"ఉత్తగనా? మళ్ల నాలుగు నెలలా?" దేవదాస్ గొంతు పెరిగింది. "అప్పటికి షెడ్డు ఉంటదా? పెద్ద డైరెక్టరీకి కట్టుడే మేలు. పైసలియ్యనిది మనల్ని ఎవడు పిలుస్తడు?"

"ఇస్తే మాత్రం పిలుస్తరా? భోజన్న సదివి చెప్పిండు గదా. ఆ పది వేలు పేజీ సూసినందుకే. సూసి, మాకు నచ్చలేదన్నా పైసలు వాపస్ రావు."

"సూస్తె ఎందుకు నచ్చది?"

"పోయినేడు చెరుకు కోత ముఠా మేస్త్రికి బయానా పైసలు ఇయ్యలేదా నువ్వు? నాందేడ్ దిక్కుకెల్లి వచ్చిండు. గట్టు మీద నిలవడ్డడు. 'బఘతో, బఘతో' అన్నడు, సూస్త సూస్త అని మరాటీల. సూసిండు, చాయ తాగిండు, పోయిండు. మన ఎకురం చెరుకు పూతకొచ్చి ఎండింది. సూసుడు వేరే, కోసుడు వేరే."

ఆ మేస్త్రి ఊసెత్తితే దేవదాస్‌కు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చెప్పు తెగినచోటే మళ్లీ తెగుతుందన్నట్టు, భార్య సరిగ్గా అక్కడే పట్టుకొని లాగింది.

"ప్రతిదానికీ మేస్త్రి ముచ్చట తీస్తవేందే? ఒక్కసారి మోసపోయినోడు ఇంక ఎన్నడూ పైస తీయద్దా?"

"తీయి. రబ్బరుకు తీయి. పోస్టాఫీసుల ఉన్న పది వేలు రబ్బరు పలకలకని దాచినం. గవి గిట్ల పెడితే రేపు ఆర్డరొచ్చినా దేనితోని చేస్తం? తాటాకుతోనా?"

దేవదాస్ బకిళ్ల సంచి మూతి విప్పి, మళ్లీ కట్టాడు.

లాజరు లేచాడు. కోసిన పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. రోడ్డు మీద చెరుకు లారీలు బోధన్ వైపు పోతున్న మోత ఒక్కటే వినిపిస్తోంది.

"మీ ఇద్దరికీ ఒక ముచ్చట తెల్వది" అన్నాడు చివరికి. "దవాఖానల మొదటి జత కుట్టిననాడు మా అయ్య నన్ను ఇంట్లకు రానియ్యలే. కుష్టోళ్ల కాళ్లు పట్టినోడివి, కొట్టంల పండుకో అన్నడు. ఆరు నెలలు పశువులతోని పండుకున్న. ఆ వాక్యం నోట్ల పెట్టుకొనే పొద్దుగాల లేసి పనికి పోయేటోణ్ణి. అది లేకపోతే ఏనాడో ఇడిసిపెడుదు. గిప్పుడు అది తీసేసి నా పని సూపెట్టుమంటున్నరు మీరు."

పదకొండేళ్ల కాపురంలో ఈ సంగతి గంగమణికి ఎవరూ చెప్పలేదు. అయినా మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. జాలి జాలే, ఏప్రిల్ ఏప్రిలే.

"మామా, నువ్వు ఒక్కపారి సూడు. పేజీ పెట్టి నాలుగు నెలలైనా నువ్వు సూడనే లేదు. మేమే సూస్తున్నం, మేమే కొట్లాడుతున్నం. నువ్వు నా ఎంబడి నిజామాబాద్ రా. నీ కండ్లతోని సూసి, వాక్యం అట్లనే ఉండాలె అంటే ఉంటది. ఆ మాట మీద మళ్ల నేను నోరెత్త."

"నేను పోయొస్త నిజామాబాద్" అన్నాడు దేవదాస్ గబుక్కున. "మీరెందుకు? ఎండల..."

"ఫిబ్రవరిల ఎండలెక్కడివిరా?" అన్నాడు లాజరు. తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నాడు. పొద్దున పూర్తి చేసిన కొత్త జత గుడ్డలో చుట్టి చంకన పెట్టుకున్నాడు. "బస్సెన్నింటికి?"

"తిని పోరాదు" అంది యేసమ్మ.

"వచ్చినంక" అని ఆయన బయటికి నడిచాడు.

బస్సు కదిలాక దేవదాస్ ఉరికొచ్చి ఎక్కాడు. ముందు సీట్లో తండ్రి, భార్య. వెనక సీట్లో తను. చెరుకు బండ్లు దారికి అడ్డం వస్తే డ్రైవరు తిట్టిన తిట్లే వాళ్లకు కాలక్షేపం.

భోజన్న షాపు బస్టాండుకు నాలుగడుగుల దూరంలో, జిరాక్స్ దుకాణం పైన ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, ఒక టేబుల్ ఫ్యాను. లాజరును చూడగానే భోజన్న లేచి కుర్చీ ఇచ్చాడు. దేవదాస్‌ను చూసి ఎందుకో తల దించుకున్నాడు.

"పెద్దనాయినకు పేజీ సూపెట్టు తమ్మీ" అంది గంగమణి.

ఫోను లైను కలిసేసరికి మూడు నిమిషాలు పట్టింది. తర్వాత పేజీ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగసాగింది. సిలువ వచ్చింది. వాక్యం వచ్చింది. తెర నిండా వాక్యమే. లాజరు దాన్ని చూసి తృప్తిగా తలూపాడు. ఇంకా చూస్తూ కూర్చున్నాడు.

"చెప్పులేవి?"

"కిందున్నయి పెద్దనాయినా. ఇట్ల జరుపాలె." భోజన్న పేజీ పైకి జరిపాడు. ఆరాధన వేళలు వచ్చాయి. ఎడపల్లి సంఘం పెద్దల పేర్లు వచ్చాయి. అవి కూడా లాజరు పెట్టించినవే. చిట్టచివర ఒక మూల అగ్గిపెట్టెంత బొమ్మలో చెప్పుల జత.

లాజరు ఆ బొమ్మకేసి ముందుకు వంగాడు. "మడమ పట్టీ సుత కనవడ్తలేదు."

"ఆ లిస్టు సూపెట్టు తమ్మీ" అంది గంగమణి. "మన గురించి రాసిన వరుస."

చర్చీల వరుస తెరుచుకుంది. పైన ఒక సంఘం, కింద ఒక సంఘం, నడుమ వాళ్లు. గంగమణి వేలు పెట్టి ఒక్కో మాటా చదివి తెలుగులో చెప్పింది. "దక్షిణ భారతదేశంలో చిన్న సంఘం. బీద కుష్టురోగులకు చెప్పులు దానం చేస్తుంది."

"దానమా?" అన్నాడు లాజరు.

"గట్లనే రాసిండ్రు మామా."

"దానమా?" ఆయన తెర మీద వేలు పెట్టాడు. "నా బతుకుల ఒక్క జత దానం చెయ్యలే. దవాఖానల సుత రోగి తాన రూపాయన్న తీసుకోమని మిషన్ దొరసానితోని కొట్లాడిన. ఎందుకు? కొనుక్కున్న చెప్పుకు ఇజ్జత్ ఉంటది. ఉత్తగొచ్చిన చెప్పేసుకొని పోతే, అగో కుష్టోడు పోతున్నడని అంగట్ల సైగ చేస్తరు. సూసినోడికి మామూలు చెప్పు లెక్క కనవడాలెనని యాభై ఏండ్లు కుట్టిన. గాళ్లు ఒక్క మాటల దానమని రాసిపారేసిండ్రు."

భోజన్న ఫ్యాను ఆయనవైపు తిప్పాడు. గంగమణికి ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు, వాక్యం తీయించొచ్చని తెలుసు. ఆ మాట అనబుద్ధి కాలేదు. పెద్దమనిషి నొప్పి మీద కాలు పెట్టి గెలవడం గెలుపు కాదు.

లాజరే తలెత్తాడు. "గంగమణీ. చర్చికి పోతే మనం చెప్పులేడ ఇడుస్తం?"

"బయట, గడప కాడ."

"వాక్యమేడ చదువుతరు?"

"లోపట."

"మరి గీడ మనం చేసిందేంది? వాక్యాన్ని తెచ్చి గడప బయట నిలవెట్టినం. చెప్పులను మోసుకపోయి లోపట, పీఠం కాడ పెట్టినం. ఉల్టా పని. సూసినోడు చర్చి అనుకోక ఏమనుకుంటడు?" ఆయన చంకలోని మూట బల్ల మీద పెట్టాడు. "చెప్పులు గడప కాడికి తే. వాక్యం లోపట పెట్టు. చిన్నగ పెట్టద్దు, నిండుగనే పెట్టు. చెప్పు నచ్చినోడు లోపటికొస్తె సదువుకుంటడు."

గంగమణికి ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది. పొద్దటి నుంచి నడుస్తున్న పోట్లాట ఒక్క మాటతో తీర్చేశాడు ముసలాయన.

"ఇన్నవా తమ్మీ? మార్చు. గీ జత ఫోటో తీసి పైన పెట్టు, పెద్దగ. మళ్ల ఉత్తగనే దరఖాస్తు పెడదాం. పైసలు కట్టే ముచ్చటే లేదింక."

భోజన్న కదల్లేదు. దేవదాస్ కేసి చూశాడు. దేవదాస్ గోడకు ఆనుకొని ఉన్నవాడు ముందుకు వచ్చాడు.

"గంగమణీ, నేను కట్టిన."

"ఏం కట్టినవ్?"

"పది వేలు. సోమారం నాడే కట్టిన. భోజన్న వాళ్ల బావ క్రెడిట్ కార్డు మీద, హైదరాబాద్‌ల."

గంగమణి ముందు భోజన్నను చూసింది. తర్వాత మొగుణ్ణి. "రబ్బరు పైసలా?"

"ఊఁ."

"సోమారం. ఇయ్యాల శుక్రారం." ఆమె గొంతు తగ్గింది, అది మరీ భయంగా ఉంది. "సోమారం నాడు కట్టినోనివి పొద్దుగాల షెడ్డుల నాతోని ఎందుకు కొట్లాడినవ్? కట్టాల్నా వద్దా అని మంగళారం కొట్లాడినవ్, బుధారం కొట్లాడినవ్. ఉత్త నాటకమా? నన్ను పిచ్చిదాన్ని చేసినవా?"

"చెప్పేటందుకు నోరు రాలే."

"కొట్లాడేటందుకు వచ్చిందా?"

"నీకు తెల్వదే!" దేవదాస్ కళ్లు నిండాయి. "పోయిన నెల బాపును తోలుకొని దవాఖాన స్టోరుకు పోయిన. చేతుల జత పట్టుకొని గంటసేపు నిలవడ్డడు. నాకన్న చిన్నోడు, ఆ స్టోరు గుమాస్తా, కూసోమని అనలే. బాపు చెప్పు వంచి సూపెడుతున్నడు, వాడు ఫోన్ల మాట్లాడుతున్నడు. ఇంక నాలుగు నెలలు ఎవనికోసమన్న ఎదురుసూసే ఓపిక నాకు లేకుండె. తప్పే. తప్పే అంటున్న."

లాజరు కొడుకును చూడలేదు. బల్ల మీది చెప్పు తీసి బొటనవేలితో అడుగును నొక్కుతున్నాడు. ఆయనకు ఏ మాట ఎక్కువ నొప్పి పెట్టిందో, పది వేలా, ఆ గుమాస్తాదా, పోల్చుకోవడం గంగమణి తరం కాలేదు. ఆమెకు కోపం పోలేదు. డబ్బు పోయినందుకు కాదు, దాచినందుకు. ఆ లెక్క ఇంటికి పోయాక తేల్చుకోవాలనుకుంది, తేల్చుకోకుండా వదిలే మనిషి కాదు. కానీ ఏడు రోజుల్లో ఐదు అయిపోయాయి. ముందు దాని సంగతి చూడాలి.

"సూసేటోళ్లు సూసిండ్రా, ఇంక సూడలేదా?"

"సూస్తే ఉత్తరం వస్తదక్కా." భోజన్న ఉత్తరాల పెట్టె తెరిచాడు. మౌసు మీద అతని చెయ్యి ఆగిపోయింది. అన్నిటికంటే పైన, ఇంకా ఎవరూ విప్పని ఉత్తరం ఒకటుంది. ఆ డైరెక్టరీ పేరుతోనే.

"తెరువు" అన్నాడు దేవదాస్.

"తెరువు" అంది గంగమణి కూడా. కుర్చీ లాక్కొని కూర్చొని చదివింది. ఒకసారి మనసులో, ఒకసారి పైకి. "మీ పేజీ చూశాము. ఇది మత సంస్థ పేజీగా ఉంది. మీరు అడిగిన వైద్య పాదరక్షల వరుసలో వేయలేము. కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు. ముప్పై రోజుల లోపల ఒకే ఒక్కసారి మళ్లీ చూడమని అడగవచ్చు."

దేవదాస్ నేల మీద చతికిలబడ్డాడు. మేస్త్రి సంగతి ఇప్పుడు ఎవరూ ఎత్తలేదు. గంగమణి నాలుక చివర దాకా వచ్చింది, పళ్లు బిగించి ఆపేసింది.

"ఒక్కపారి అడుగొచ్చు" అంది. "ఒక్కపారి సాలు. తమ్మీ, ఫోటో తియ్యి."

"కెమెరా లేదక్కా. పాతది సుత స్టూడియోవాళ్లతోని తీపిచ్చిందే. ఇప్పుడు స్టూడియో ఆయన ఏదో పెండ్లికి పోయిండు, రేపొస్తడు."

"రేపటి దాకా ఎందుకు? గా డబ్బా మీద పెడితే కాయితం బొమ్మ వస్తది గదా?"

"స్కానరా?" భోజన్న తటపటాయించాడు. అందరూ సర్టిఫికెట్లు, దేవుడి పటాలు పెట్టే అద్దం. దాని మీద చెప్పులు! లాజరు ఆ తటపటాయింపు చూశాడు. ఇలాంటివి ఆయనకు కొత్తవి కావు, ముందుకు చాపిన జతను వెనక్కి తీసుకోబోయాడు. అంతలో భోజన్న జేబురుమాలుతో అద్దం తుడిచి, ఆయన చేతుల్లోంచి జత అందుకొని, తనే దాని మీద పెట్టాడు.

"అడుగు పైకి గాదు కొడుకా, పక్కకు" అన్నాడు లాజరు. "మందం కనవడాలె. మేకు లేదని తెల్వాలె."

నాలుగుసార్లు తీస్తే ఒకటి కుదిరింది. అరగంటలో పేజీ మారింది. పైన తెర నిండా చెప్పులు, మడమ పట్టీతో సహా. కింద నాలుగు వాక్యాలు, అవి ఎవరికి, ఎలా చేస్తారో. నొక్కితే లోపలి పేజీకి పోయే దారి, అక్కడ సిలువ, వాక్యం. లాజరు రెండూ తెరిపించి చూసి సరే అన్నాడు.

ఇక ఉత్తరం. గంగమణి భోజన్నను లేపి తను కూర్చుంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో కొట్టింది. మేము చర్చి కాదు. మేము చెప్పులు చేస్తాం, అమ్ముతాం. మా తప్పు వల్ల మీకు వేరుగా కనిపించింది, సరిచేశాం, మళ్లీ చూడండి.

"సాలు అక్కా, గింత కన్న ఎక్కువ రాయద్దు" అన్నాడు భోజన్న. "ఒక్కటే ఛాన్సు. పంపు."

"ఆగు" అన్నాడు లాజరు. "సూసేది మిషనా, మనిషా?"

"మనిషే మామా. కింద పేరుంది. ఆడమనిషి."

"సూస్తె ఏం తెలుస్తది చెప్పు సంగతి? ఏసుకుంటే తెలుస్తది. ఆమె పాదం కొలత అడుగు."

దేవదాస్ అదిరిపడి లేచాడు. "బాపూ! లంచమనుకుంటది. ఉన్న ఒక్కటీ పోతది."

"అవును పెద్దనాయినా" అన్నాడు భోజన్న. "వాళ్లు శానా సక్తు, రూలు తప్పరు. అసొంటియి రాయద్దు."

"లంచమెందుకైతది?" లాజరు కోడలి వైపే చూస్తున్నాడు. "ఉత్తగిస్తె లంచం. నేను ఉత్తగ ఎవనికియ్య. ధర రాయి బిడ్డా. తపాలా ఖర్చు సుత ఆమెదే అని రాయి."

భోజన్న వద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. దేవదాస్ బతిమాలే ముఖంతో నిలబడ్డాడు. షెడ్డు, పెంటవ్వ కూలి, పోయిన పది వేలు, అన్నీ ఆ ఒక్క ఉత్తరం మీదే ఉన్నాయని గంగమణికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె తెర మీద చెప్పుల బొమ్మను ఒకసారి చూసింది. మీ పాదం కొలత పంపండి, అని కొట్టింది. జత వెల నూట ఎనభై రూపాయలు, తపాలా ఖర్చు కొనేవారిదే.

"అక్కా, జర ఆగు..." అని భోజన్న మౌసు మీదికి చెయ్యి చాపేలోపే ఆమె పంపేసింది.